పాటలో ఉన్న తిట్టును మన పిల్లలు పాడవచ్చునా? హిప్-హాప్ బూతుల మీద ఒక చర్చ

ఎడిసన్_నాన్న (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. పోయిన శనివారం అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇక్కడ సంగీతం తెలిసినవారూ ఉన్నారు, పిల్లలను పెంచుతున్నవారూ ఉన్నారు కనుక మీ ముందు పెడుతున్నాను.

మా అబ్బాయి పద్నాలుగో పుట్టినరోజు. పిల్లలందరినీ బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి, కరావోకే పెట్టి, పెద్దవాళ్ళం పైన వంటగదిలో బిర్యానీ సర్దుతున్నాము. తొమ్మిది మంది పిల్లల్లో ఏడుగురు తెలుగువాళ్ళే. ఒకడు గుజరాతీ, ఇంకొకడు మా అబ్బాయితో బాస్కెట్‌బాల్ ఆడే నల్లజాతి పిల్లవాడు. ఒక ర్యాప్ పాట వచ్చింది. నల్లజాతివారిని హీనపరిచే తిట్టు అయిన ఎన్-పదం ఉన్న ప్రతిచోటా తెరమీద మొదటి అక్షరం మాత్రం చూపించి, తక్కిన అక్షరాలకు బదులు నక్షత్రాలు వేశారు. మన పిల్లలు ఆ నక్షత్రాలను తమ గొంతులతో పూరించి, ఒకరిని మించి ఒకరు అరుస్తూ పాడారు. నేను పళ్ళెం పట్టుకుని మెట్లు దిగేసరికి ఆ పిల్లవాడు పాట మానేసి, ప్లేటు సోఫా పక్కన నేలమీద పెట్టి, వాళ్ళ అమ్మకు మెసేజ్ పంపుతున్నాడు. "కడుపులో బాగాలేదు అంకుల్" అని నాతో ఒక్క మాట చెప్పి, కేకు కోయకముందే వెళ్ళిపోయాడు.

రాత్రి మా అబ్బాయిని అడిగితే, "పాటలో ఉన్నదే కదా నాన్నా పాడాము, రాసింది కూడా వాళ్ళవాడే కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ పాటలను నిషేధించాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. ఆ మాటలు ఆ పాటల్లోకి ఎలా వచ్చాయి, వాటి మీద ఆ సమాజంలోనే ఏమి తగవు నడిచింది, మా వాడికి నేను ఏమని చెప్పాలి అన్నది నాకు తెలియాలి.

కృష్ణాతీరం

నేను ముప్పై మూడేళ్ళు తెలుగు మాస్టారుగా పనిచేసి విజయవాడలో విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీ బాధ నాకు అర్థమైంది గానీ, దానికి అంత చరిత్ర అక్కరలేదని నా అభిప్రాయం. నోటికి రాకూడని మాట ఎవరి నోటికీ రాకూడదు. ఆడవారిని కుక్కతో పోల్చే మాట, వేశ్య అని పిలిచే మాట, ఒక జాతిని బానిసలుగా చూసిన రోజుల తిట్టు వరుసగా పేర్చి, దానికి తాళం కట్టి, కళ అని పేరు పెడితే అది కళ అయిపోదు. పిల్లలు విన్నదే పలుకుతారు. పలికిన పిల్లవాడిని మందలించి, పాడినవాడిని గౌరవించడం ఎలాంటి న్యాయమో నాకు బోధపడడం లేదు.

పాత_క్యాసెట్

మాస్టారు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, చరిత్ర తెలియకుండా ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు దొరకదు.

ర్యాప్ పాటలకు పుట్టిల్లయిన హిప్-హాప్ బూతుతో పుట్టిన సంగీతం కాదు. న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నంబరు భవనంలో 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి కోసం నడిపిన పార్టీని దాని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. మొదటి పదేళ్ళలో వచ్చిన రికార్డుల్లో ఎక్కువ భాగం ఇంట్లో పెద్దల ముందు వినగలిగినవే. 1980ల రెండో సగంలో, క్రాక్ కొకైన్, ముఠాలు, పోలీసు దాడుల మధ్య నలిగిన లాస్ ఏంజెలెస్ పరిసరాల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు తాము వీధిలో వినే భాషనే మైకులో వినిపించారు. కాంప్టన్ నుంచి వచ్చిన ఎన్‌డబ్ల్యూఏ బృందం 1988లో విడుదల చేసిన ఆల్బమ్‌లో పోలీసుల మీద ఉన్న పాట విని, 1989 ఆగస్టులో ఎఫ్‌బీఐ అధికారి ఒకరు ఆ రికార్డు సంస్థకు నేరుగా ఉత్తరం రాశారు. ఒక పాట గురించి కేంద్ర దర్యాప్తు సంస్థ ఉత్తరం రాయడమంటే ఏమిటో ఆలోచించండి.

అంతకుముందే 1985లో సెనేటర్ ఆల్ గోర్ భార్య టిప్పర్ గోర్ తదితరులు తల్లిదండ్రుల సంఘం ఒకటి పెట్టి, సెనేట్ కమిటీ ముందు విచారణ జరిగేంత దూరం తీసుకువెళ్ళారు. ఆ గొడవ మొదలైంది ర్యాప్ మీద కాదు, ప్రిన్స్ పాట మీద, రాక్, మెటల్ బృందాల మీద. దాని ఫలితమే ఆల్బమ్ అట్టమీద కనిపించే నలుపు తెలుపు హెచ్చరిక చీటీ. 1990లో దానికి అన్ని కంపెనీలకూ ఒకే రూపం వచ్చింది. చట్టం వేయించిన ముద్ర కాదది, కంపెనీలు తమంతట తాము వేసుకున్నది.

ఇక అసలు కథ ఫ్లోరిడాలో జరిగింది. మయామీకి చెందిన టూ లైవ్ క్రూ బృందం 1989లో తెచ్చిన ఆల్బమ్‌ను 1990 జూన్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి అశ్లీలమని ప్రకటించారు. రెండు రోజులకే దానిని అమ్మిన దుకాణదారుడు చార్లెస్ ఫ్రీమన్‌ను అరెస్టు చేశారు. ఆ వారాంతంలోనే, పెద్దలకు మాత్రమే ప్రవేశం ఉన్న క్లబ్బులో పాడినందుకు బృందం సభ్యులనూ పట్టుకున్నారు. అక్టోబరులో దుకాణదారుడు దోషి అని తేలింది, పాడినవారు మాత్రం నిర్దోషులుగా బయటపడ్డారు. పాడినవాడు వదిలివేయబడి అమ్మినవాడు దోషి అయిన ఈ విడ్డూరాన్ని నేను ఎన్నటికీ మరువలేను.

చట్టం_చూపు

పాత_క్యాసెట్ గారు చెప్పినదానికి న్యాయపరమైన ముగింపు జోడిస్తాను, ఎందుకంటే అక్కడే అందరూ పొరబడే విషయం ఒకటి ఉంది. అమెరికా సుప్రీం కోర్టు 1973లో మిల్లర్ కేసులో పెట్టిన పరీక్ష ప్రకారం, ఒక రచన అశ్లీలం కావాలంటే మూడు అంశాలూ ఒకేసారి రుజువు కావాలి: స్థానిక సమాజపు ప్రమాణాల ప్రకారం అది కామోద్రేకానికి ఉద్దేశించినదై ఉండాలి, లైంగిక చర్యను స్పష్టంగా అభ్యంతరకరమైన రీతిలో వర్ణించాలి, మొత్తంగా చూస్తే దానికి గంభీరమైన సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్రీయ విలువ ఏదీ ఉండకూడదు. ఫ్లోరిడా కేసులో షెరీఫ్ (అక్కడి స్థానిక పోలీసు అధికారి) తరఫువారు ఆ క్యాసెట్‌ను కోర్టుకు ఇచ్చారే తప్ప, దానికి కళా విలువ లేదని చెప్పే సాక్షిని ఒక్కరినీ తేలేదు. అవతలి పక్షం మాత్రం నిపుణులను నిలబెట్టింది. ఆ కారణంతోనే అప్పీలు కోర్టు 1992లో ఆ తీర్పును కొట్టివేసింది. సుప్రీం కోర్టు జోక్యం చేసుకోలేదు.

గమనించవలసింది ఏమిటంటే, ఈ పరీక్ష కామానికి సంబంధించినది మాత్రమే. జాతిని తిట్టే మాట, హింసను పొగిడే మాట దీని కిందికి రావు. కనుక ఎడిసన్_నాన్న గారి ఇంట్లో పలికిన మాట మీద అక్కడి అశ్లీల చట్టానికి పట్టే లేదు. మన దేశంలో బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల గీతం పాడితే మూడు నెలల వరకూ జైలు పడవచ్చునని పాత శిక్షాస్మృతి 294వ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ చెబుతోంది.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. ర్యాప్ పాటల్లోని మాటలను కోర్టుల్లో నేరానికి సాక్ష్యంగా చదివే అలవాటు అమెరికాలో బలపడింది. అట్లాంటాలో యంగ్ థగ్ అనే ర్యాపర్ కేసులో 2023లో న్యాయమూర్తి దానికి షరతులతో అనుమతి ఇచ్చారు. కాలిఫోర్నియా మాత్రం 2022లో ఈ పద్ధతికి పగ్గాలు వేస్తూ చట్టం చేసింది. హత్య గురించి నవల రాసినవాడిని హంతకుడని అనుమానించము కదా.

కృష్ణాతీరం

కోర్టు కొట్టివేసినంత మాత్రాన పాట మంచిదైపోతుందా వకీలు గారూ? జైలుకు పంపకూడదు అనడం ఒకటి, మెచ్చుకోవడం ఒకటి. జైలు మాట నేను ఎత్తనే లేదు.

అట్లాంటా_అక్క

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను గానీ ఇక ఉండబట్టలేదు. ఇప్పటిదాకా పోలీసులు, న్యాయమూర్తులు, గాయకులు, దుకాణదారులు, అందరూ మగవారే మాట్లాడారు. ఆ పాటల్లో ఎవరిని కుక్క అన్నారో ఆ స్త్రీలు ఏమన్నారన్నది ఒక్కరూ చెప్పలేదు. నేను ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. నాతో రాత్రి డ్యూటీ చేసేవారిలో సగం మంది నల్లజాతి స్త్రీలు. ఈ తగవు నాకు వాళ్ళ నుంచే తెలిసింది, తరువాత చదివి తెలుసుకున్నాను.

ఫ్లోరిడాలో టూ లైవ్ క్రూ సభ్యుల మీద నడిచిన కేసులో వారి పక్షాన సాక్ష్యం చెప్పినవారిలో హెన్రీ లూయీ గేట్స్ అనే పెద్ద పండితుడు ఉన్నారు. ఒకరినొకరు అతిశయోక్తులతో తిట్టుకుని నవ్వుకునే ఆట నల్లవారి మౌఖిక సంప్రదాయంలో ఉందనీ, ఆ పాటలను ఆ వెలుగులో చూడాలనీ ఆయన వాదించారు. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని తిడుతూ పాడే పాటలు విన్నవారికి ఆ వాదన కొత్త కాదు. అయితే 1991లో కింబర్లీ క్రెన్షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఒక వ్యాసం రాసి, రెండు వైపులనూ నిలదీశారు. ఇంతకంటే పచ్చిగా మాట్లాడే తెల్లవారిని వదిలి నల్లవారినే అరెస్టు చేయడం జాతివివక్ష అని ఒప్పుకుంటూనే, అది మన సంప్రదాయం, మన హాస్యం అని సర్దిచెప్పేవారిని కూడా ఆమె ఒప్పుకోలేదు. ఆ హాస్యానికి మూల్యం చెల్లించేది నల్లజాతి స్త్రీ. ఆమెను అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదన్నది ఆ వ్యాసంలోని ప్రాణం.

తరువాత బెల్ హుక్స్ అనే నల్లజాతి స్త్రీవాద రచయిత్రి. టీవీవాళ్ళు ఆమెకు ఫోన్ చేసి, ముఠాల బతుకును పాడే గ్యాంగ్‌స్టా ర్యాప్‌ను తిట్టిపోస్తారేమోనని అడిగేవారట. ఆమె ఆ పాటలలోని స్త్రీద్వేషాన్ని క్షమించకుండానే, ఆ ద్వేషం ఆ కుర్రవాళ్ళ సొంత ఆస్తి కాదని, దేశమంతటా పెద్ద పెద్ద ఇళ్ళలో, సినిమాల్లో నడుస్తున్న పద్ధతికే అది గొంతు ఇచ్చిందని చెప్పగానే వాళ్ళకు ఆసక్తి చచ్చిపోయేది. 1994లో ఆమె ఈ సంగతి రాశారు.

పాటతోనే జవాబు ఇచ్చినవారూ ఉన్నారు. క్వీన్ లతీఫా 1993లో ఒక పాటలో, వీధిలో తనను ఆ మాట అన్నవాడి ఎదుట నిలబడి ఎవరిని అంటున్నావురా అని అడుగుతుంది. దానికి గ్రామీ బహుమతి వచ్చింది. మా వార్డులో ఒక పెద్దావిడ ఉండేది, తెల్లవారుజామున నాలుగు గంటలకు బీపీ మిషన్ తోసుకుంటూ ఆ పాట సన్నగా పాడుకునేది. ఆమె మనుమలు వినే పాటలను గురించి అడిగితే, "వాటిని నేను ప్రేమిస్తాను, అవి నన్ను ప్రేమించవు" అని ఒకసారి అంది. ఇంతకంటే సరిగ్గా చెప్పినవారు నాకు ఎదురుకాలేదు.

మా ఊరి కాలేజీ కథ ఒకటి చెప్పి ఆపుతాను. స్పెల్మన్ కాలేజీ నల్లజాతి అమ్మాయిల చారిత్రక కళాశాల. 2004లో ర్యాపర్ నెల్లీ ఎముక మజ్జ దాతల కోసం అక్కడ శిబిరం పెట్టాలనుకున్నాడు. సదుద్దేశమే, అతని సోదరి రక్త క్యాన్సర్‌తో బాధపడుతోంది. అయితే అప్పటికే అతని ఒక వీడియోలో స్త్రీ శరీరం మీద క్రెడిట్ కార్డు గీసే దృశ్యం వచ్చి ఉంది. శిబిరానికి రండి, కానీ ముందు ఆ వీడియో గురించి మాతో మాట్లాడండి అని విద్యార్థినులు అడిగారు. ఆ కార్యక్రమం జరగలేదు. ఆ అమ్మాయిలు నిషేధం కోరలేదు, ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పమన్నారు. ఇరవై ఏళ్ళు దాటినా ఇక్కడ ఆ మాట వస్తే రెండు పక్షాలుగా చీలిపోతారు.

కృష్ణాతీరం

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ పెద్దావిడ మాట నన్ను కదిలించింది. అయితే అంత బాధ ఉన్నప్పుడు ఆపమని గట్టిగా అడిగిన నల్లజాతి స్త్రీ ఒక్కరూ లేరా?

అట్లాంటా_అక్క

ఉన్నారు మాస్టారు గారూ, సి. డెలోరెస్ టక్కర్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్యదర్శి పదవి చేపట్టిన మొదటి నల్లజాతి స్త్రీ. పౌరహక్కుల ఉద్యమంలో మార్టిన్ లూథర్ కింగ్‌తో నడిచిన మనిషి. 1990లలో గ్యాంగ్‌స్టా ర్యాప్ మీద ఆమె చేసినంత పోరాటం ఇంకెవరూ చేయలేదు. రికార్డు కంపెనీల వాటాలు కొని మరీ వాటాదారుల సమావేశాలకు వెళ్ళి ఆ పాటల సంగతి నిలదీసింది. టైమ్ వార్నర్ 1995లో ఇంటర్‌స్కోప్ అనే రికార్డు కంపెనీలో తన సగం వాటాను వదులుకోవడానికి ఆ ఒత్తిడి ఒక ముఖ్య కారణం. అందుకు ఆమెకు దక్కింది ఏమిటంటే, టుపాక్ షకూర్ తన పాటలో ఆమెను పేరు పెట్టి మరీ బూతుతో తిట్టాడు. తల్లి వయసు ఆమెది.

అయితే ఆ పోరాటంలో ఆమె చేయి కలిపిన విలియం బెన్నెట్ రిపబ్లికన్ ప్రభుత్వాలలో పదవులు చేసినవాడు. పేద నల్లవారి బడుల గురించి, ఉద్యోగాల గురించి ఆ పక్షం ఏమి చేసింది అని అడిగినవారికి సమాధానం రాలేదు. ఆమె ఆవేదన నిజం, ఆమె పక్కన నిలబడినవారి ఆవేదన మీద నాకు అనుమానం. వాటా చేతులు మారింది, అంతే. పాటలు వేరే కంపెనీ పేరుతో వచ్చాయి.

రేడియో_గది

డబ్బు ఎటు తిరిగితే పాట అటు తిరుగుతుందన్నది నేను కళ్ళారా చూశాను. టెక్సస్‌లో చదువుకునేటప్పుడు కాలేజీ రేడియోలో రాత్రి కార్యక్రమం నడిపేవాడిని. అమెరికాలో మామూలు రేడియోలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకూ అసభ్యమైన మాట ప్రసారం చేయకూడదని రేడియో, టీవీలను నియంత్రించే కేంద్ర కమిషన్ (ఎఫ్‌సీసీ) నిబంధన. ఉపగ్రహ రేడియోకు, ఇంటర్నెట్‌లో వినే పాటకు ఇది వర్తించదు. అందువల్ల రేడియోకు వెళ్ళే చాలా ర్యాప్ పాటలకు రెండు రూపాలు ఉంటాయి. క్లీన్ వెర్షన్ అంటే బీప్ వేయడం అనుకుంటారు చాలామంది, అది టీవీ పద్ధతి. పాటలో బీట్ ఆగకుండా గొంతును ఒక్క క్షణం తీసివేస్తారు, లేదా ఆ ఒక్క మాటను వెనక్కి తిప్పి అతికిస్తారు. వింటుంటే ఎవరో గాలి పీల్చినట్టు ఉంటుంది. ఒక రాత్రి నేను తొందరలో అసలు ఆల్బమ్ పెట్టేశాను. రెండో చరణం రాకముందే ఫోను మోగింది. ఒక తల్లి, పిల్లను వెనక సీటులో కూర్చోబెట్టుకుని కారు నడుపుతోందట. తిట్టలేదు. "నేను రేడియోను నమ్మి పెట్టుకున్నాను బాబూ" అని పెట్టేసింది. ఆ తరువాత నేను ప్రతి పాటా హెడ్‌ఫోన్లో చివరిదాకా వినకుండా ఎన్నడూ ప్రసారం చేయలేదు.

ఇక వాల్‌మార్ట్ హెచ్చరిక చీటీ ఉన్న ఆల్బమ్‌లను అమ్మేది కాదు. అంత పెద్ద అంగడిని ఏ కంపెనీ వదులుకుంటుంది? అందుకని శుభ్రం చేసిన ప్రతులు తయారై దాని అరలలోకి చేరేవి. భాషను మార్చాలనుకుంటే కంపెనీకి ఒక్క వారం చాలునని దీనివల్ల తెలుస్తోంది కదా.

ప్రభుత్వం చేతికి కత్తెర ఇస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. సారా జోన్స్ అనే కవయిత్రి ర్యాప్‌లో స్త్రీలను తక్కువ చేసే మాటలనే ఎత్తి చూపుతూ, విప్లవం ఆ దారిన రాదని ఒక పాట చేసింది. పోర్ట్‌ల్యాండ్‌లో కేబీఓఓ అనే శ్రోతల రేడియో దానిని ప్రసారం చేస్తే, 2001లో కమిషన్ 7,000 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. తిట్టిన పాటలకూ దానిని ప్రశ్నించిన పాటకూ తేడా తెలియలేదు వారికి. 2003లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు గానీ అప్పటికి రెండేళ్ళు గడిచాయి.

మోడరేటర్

ఇద్దరు సభ్యులు ఎన్-పదాన్ని పూర్తి అక్షరాలతో రాశారు. ఉద్దేశం చెడ్డది కాకపోయినా ఆ వ్యాఖ్యలను తొలగించాము. ఆ మాట పలకకుండానే దాని గురించి ఇంత లోతుగా మాట్లాడవచ్చునని పై వ్యాఖ్యలే చూపిస్తున్నాయి కనుక దయచేసి అదే పద్ధతి పాటించండి.

ప్రకాశం_బిడ్డ

"రాసింది వాళ్ళవాడే కదా" అని ఎడిసన్_నాన్న గారి అబ్బాయి అడిగిన ప్రశ్నకు నా బతుకులో ఒక జవాబు ఉంది. చెప్పవచ్చునా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా, మాదిగ కులం. మా తాతకు పేరు ఉండేది గానీ, ఊళ్ళో పెద్దకాపు వాకిట్లో నిలబడి పిలిస్తే ఆ పేరుతో పిలిచేవాడు కాదు, కులం పేరుకు ఒక "ఒరే" చేర్చి పిలిచేవాడు. ఆ పిలుపు వినిపిస్తే మా నాయనమ్మ చేతిలో పని ఆగిపోయేదని మా నాన్న చెప్పేవాడు. 1994 జూలై 7న మా జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా మొదలైంది. మంద కృష్ణ మాదిగ మొదలుకుని వేలమంది ఆ పేరునే తమ పేరు చివర పెట్టుకున్నారు. మా చిన్నాన్న కొడుకు పెళ్ళి శుభలేఖలో బంగారు అక్షరాలతో అది అచ్చయింది. తాత అప్పటికి బతికే ఉన్నాడు. ఆ కార్డును చాలాసేపు చేతిలో పట్టుకుని, వేలితో ఆ అక్షరాల మీద రాస్తూ కూర్చున్నాడు.

అదే మాట. శుభలేఖ మీద ఉందని చెప్పి పెద్దకాపు మనుమడు రేపు మా వాడిని వీధిలో ఆ మాటతో కేకవేస్తే, మేము ఒప్పుకుంటామా? 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఒప్పుకోదు. మాట ఒకటే అయినా నోరు మారితే, నిలబడ్డ చోటు మారితే, అది వేరే మాట.

అయితే రెండింటినీ ఒకే తూకంలో పెట్టలేము, అది కూడా చెప్పాలి. మా కులం పేరు పుట్టుకతో తిట్టు కాదు, దానిని తిట్టుగా వాడారు. ఎన్-పదం బానిసల సంతలో, కొరడా పక్కన పెరిగిన మాట. దానిని తిరిగి తమది చేసుకోవడం ఎంత కష్టమో, అసలు అది సాధ్యమో కాదో వాళ్ళే తేల్చుకోవాలి. నేను ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉన్నాను, ర్యాప్ వింటాను, కారులో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ మాట దగ్గర నోరు మూస్తాను.

పాత_క్యాసెట్

ప్రకాశం_బిడ్డ గారికి నమస్కరిస్తున్నాను. ఆ "వాళ్ళే తేల్చుకోవాలి" అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే వాళ్ళు తేల్చుకోలేదు, ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. రిచర్డ్ ప్రయర్ అనే హాస్యనటుడు ఆ మాటతోనే పేరు తెచ్చుకుని, 1979లో కెన్యా వెళ్ళివచ్చాక ఇక జన్మలో అననని వేదికమీదే చెప్పి మానేశాడు.

2007 ఏప్రిల్‌లో డాన్ ఐమస్ అనే తెల్లజాతి రేడియో వ్యాఖ్యాత రట్గర్స్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ అమ్మాయిలను వెంట్రుకల మీద, శీలం మీద హీనంగా మాట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఎడిసన్‌కు కూతవేటు దూరంలోని విశ్వవిద్యాలయమే అది. వెంటనే అతని పక్షంవారు, ర్యాపర్లు అంటే లేని తప్పు అతను అంటే వచ్చిందా అని ఎదురు తిరిగారు. మా అబ్బాయి, మీ అబ్బాయి అడిగే ప్రశ్నే. డెఫ్ జామ్ అనే ర్యాప్ రికార్డు కంపెనీ స్థాపకుల్లో ఒకడైన రసెల్ సిమన్స్ ఆ నెలలోనే, ఎన్-పదాన్నీ, స్త్రీలను అనే మరో రెండు మాటలనూ శుభ్రం చేసిన ప్రతుల నుంచి పూర్తిగా తీసివేయాలని కంపెనీలను కోరాడు. జూలై 9న డెట్రాయిట్‌లో ఎన్ఏఏసీపీ అనే నల్లజాతివారి పౌరహక్కుల సంఘం మహాసభల సందర్భంగా ఆ మాటకు నిజంగానే శవయాత్ర చేశారు. గుర్రాలు లాగిన బండిలో చెక్క శవపేటిక, వెనక జనం. ఆ ఏడాదే ర్యాపర్ నాస్ తన తరువాతి ఆల్బమ్‌కు ఆ మాటనే పేరుగా పెడతానని ప్రకటించాడు. పెద్ద గొడవ జరిగి, 2008లో ఆ ఆల్బమ్ పేరు లేకుండా విడుదలైంది. పాతిపెట్టినవారూ, తవ్వి తీసినవాడూ ఆ సమాజంవారే, ఇద్దరూ మనస్ఫూర్తిగానే మాట్లాడారు.

మరొకటి మాత్రం చాలావరకు తేలినట్టే కనిపిస్తుంది. 2018 మేలో అలబామాలో జరిగిన ఉత్సవంలో కెండ్రిక్ లమార్ ఒక తెల్లజాతి అమ్మాయిని వేదికమీదికి పిలిచి తన పాట పాడించాడు. ఆమె ఆ మాటను దాటవేయకుండా పాడితే పాట ఆపి, ఒక్క మాట వదిలేయాలమ్మా అని చెప్పాడు. రాసినవాడు అతనే, పిలిచినవాడూ అతనే. ఆ నెలకు కొంచెం ముందే అతనికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

అట్లాంటా_అక్క

మాట మార్చుకోవడం అసాధ్యమన్నట్టు కొందరు మాట్లాడతారు కనుక ఇది కూడా చెబుతాను. 2022 జూన్‌లో లిజ్జో పాటలో కండరాలు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిని నొప్పించే మాట ఒకటి ఉందని వికలాంగులు చెప్పగానే, రోజుల్లోనే ఆమె మళ్ళీ పాడి కొత్త ప్రతి విడుదల చేసింది. ఆగస్టులో బియాన్సే కూడా అదే మాట తీసివేసింది. వాళ్ళిద్దరూ స్త్రీలే. స్త్రీలను అనే మాట విషయంలో మాత్రం ముప్పై ఐదేళ్ళుగా ఇంకా సంప్రదాయం, హాస్యం, వీధి వాస్తవం అని వింటూనే ఉన్నాము. కొందరు గాయనులు ఇప్పుడు ఆ మాటను తామే కిరీటంలా పెట్టుకుంటున్నారు. నాతో పనిచేసే చిన్నపిల్లలకు అది బలం ఇస్తోంది, వాళ్ళ తల్లులకు గుండె కోత పెడుతోంది. నేను ఏ పక్షమో చెప్పమంటే తల్లుల పక్షమే.

కృష్ణాతీరం

చర్చ మొదట్లో చరిత్ర అక్కరలేదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రకాశం_బిడ్డ గారి తాత గారి చేతిలోని శుభలేఖ గురించి చదివాక నిన్నంతా ఇంకేమీ చదవలేకపోయాను. నేను పాఠం చెప్పిన ఊళ్ళలో ఆ "ఒరే"ను చెవులారా విన్నాను, ఒక్కసారి కూడా అన్నవాడిని ఆపలేదు. పాటలో బూతు వింటే మండే నాకు అప్పుడు ఎందుకు మండలేదో నాకే తెలియడం లేదు.

ఆడవారిని అనే మాటల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. అట్లాంటా అక్కగారు కూడా చివరికి నా పక్కకే వచ్చారని అనుకుంటున్నాను.

ఎడిసన్_నాన్న

అందరికీ కృతజ్ఞతలు. ఏమి జరిగిందో చెప్పడం నా బాధ్యత.

ఈ చర్చలోని వ్యాఖ్యలు కొన్ని మా వాడికి ఇంగ్లీషులోకి మార్చి వినిపించాను. శుభలేఖ సంగతి దగ్గర చాలా ప్రశ్నలు వేశాడు. బుధవారం సాయంత్రం ఇద్దరం ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళాము. మా వాడు గుమ్మంలోనే క్షమాపణ చెప్పాడు. పిల్లలిద్దరూ వెనక పెరట్లోకి వెళ్ళాక, ఆ తల్లి నాకు మంచినీళ్ళు ఇచ్చి, తన పెద్దకొడుకు కారులో ఆ పాటలే పెడతాడని, అలబామా నుంచి వచ్చిన తన తండ్రి మాత్రం ఆ మాట తన గడప లోపల ఎవరు పలికినా ఊరుకోడని చెప్పింది. "ఈ ఇంట్లోనే దానిమీద మాకు రోజూ తగవే. కానీ అది మా తగవు. మీ పిల్లలు మధ్యలోకి వచ్చి అరిస్తే నా కొడుకు ఎవరి పక్షం మాట్లాడాలి?" అంది. కోపంగా అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా వాడు, "నక్షత్రాల దగ్గర ఊరుకుంటే చాలునా నాన్నా?" అని అడిగాడు. పాటకైతే చాలునన్నాను. కాసేపు కిటికీ బయటికి చూసి, "మరి మన ఇంటికి వచ్చే అంకుల్స్ నల్లోళ్ళు, నల్లోళ్ళు అంటూ వాళ్ళ గురించి ఒక రకంగా మాట్లాడతారు కదా, మీరు నవ్వుతారు కదా, అప్పుడు నక్షత్రాలు ఎవరు పెడతారు?" అన్నాడు. కారు పక్కకు తీసి ఆపాను. నిజంగానే నవ్వాను, చాలాసార్లు.

వచ్చే ఆదివారం మా ఇంట్లో పన్నెండు కుటుంబాలకు భోజనాలు ఉన్నాయి. ఎవరైనా ఆ ధోరణిలో మొదలుపెడితే పిల్లలందరి ముందే ఆపమని చెబుతానని మా వాడికి మాట ఇచ్చాను. ఆ పిల్లవాడిని కూడా పిలిచాము. వస్తానన్నాడు.